ఆరు కాళ్ల అందలం

మూడువేల ఎనిమిదొందల యాభై కిలోలు. అదీ లోపల ఎవరూ కూర్చోకముందు సంగతి. పొడవు ఆరు మీటర్లకి కాస్త తక్కువ, ఎత్తు రెండు మీటర్ల పైచిలుకు, చక్రాలు ఆరు. ఇంతవరకూ చదివి ఇదేదో ఇసుక లారీ గురించిన గోల అనుకుంటే మీ తప్పేం లేదు. కానీ ఇది కారు. లోపల తోలు కుట్టిన నాలుగు విడివిడి సీట్లు, వెనకున్న ట్రక్కు తొట్టికి వెదురు పలకల పరుపు, ముందు మూతి మీద మూడు గీతల నక్షత్రం. మెర్సిడెస్ వాళ్లు 2013లో బయటికి తెచ్చిన జీ 63 ఏఎంజీ 6×6 ఇది. జర్మనీలో పన్నులతో కలిపి 4,51,010 యూరోలు. 2015లో ఆపేసేలోగా తయారైనవి వందకు కాస్త పైన, అంతే. ఆ ఏడాదే వచ్చిన 'జురాసిక్ వరల్డ్' సినిమాలో డైనోసార్ల మధ్య ఓ ఆరు చక్రాల బండి కనిపిస్తుంది, గుర్తుందా? అదే.

నాకు కార్ల పిచ్చి లేదు. నేను నడిపేది పదకొండేళ్ల నాటి సెడాన్, దాని రంగేమిటని హఠాత్తుగా అడిగితే ఓ క్షణం ఆలోచించుకోవాలి. కానీ యంత్రాల పిచ్చి మాత్రం ఉంది. ఈ రెండూ వేర్వేరు జబ్బులు. మొదటిదానికి డబ్బు కావాలి, రెండోదానికి రాత్రి పన్నెండు దాటాక కాస్త ఖాళీ దొరికితే చాలు. అలా ఖాళీ దొరికిన రాత్రుల్లోనే ఈ బండి కింద ఏముందో చూడటం మొదలెట్టాను. చూసినకొద్దీ దీన్ని కట్టిన ఇంజనీర్ల మీద గౌరవం పెరిగింది. కట్టించుకున్న వాళ్ల మీద మాత్రం... దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ముందు ఇరుసు సంగతి. మామూలు బండిలో ఇరుసు సరిగ్గా చక్రం మధ్యలోకి వస్తుంది. ఆ ఇరుసు నడుమ డిఫరెన్షియల్ అని ఓ ఇనప బుడిపె వేలాడుతూ ఉంటుంది, లారీల కింద గుండ్రంగా కనిపించేది అదే. బండి పొట్ట ఎంత ఎత్తున ఉన్నా రాయి ముందు తగిలేది దానికే. దాన్ని పైకి లేపాలంటే చక్రాలు పెద్దవి చెయ్యాలి, దానికీ ఓ హద్దుంది. ఈ 6×6లో వాడింది పోర్టల్ ఇరుసు. అంటే ఇరుసు చక్రం మధ్యలోకి కాకుండా కాస్త పైకి వస్తుంది, అక్కణ్ణుంచి చక్రం దగ్గర ఓ గేర్ల పెట్టె ద్వారా శక్తి కిందకి దిగుతుంది. గుమ్మంలా అన్నమాట, నిలువు కమ్ములు రెండు, పైన అడ్డం ఒకటి. ఆ పేరూ అందుకే. దీనివల్ల బండి పొట్టకీ నేలకీ మధ్య 460 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. అడుగున్నర. మీటరు లోతు నీళ్లలోంచి నడిచిపోగలదు. ఈ కిటుకు కొత్తదేం కాదు, వాళ్లదే యూనిమాగ్ అనే పొలం బండిలో ఎప్పట్నుంచో ఉంది. రైతుల కోసం పుట్టిన ఇరుసు ఇది. ఆ మాట గుర్తు పెట్టుకోండి.

రెండోది, ఇందాకటి బుడిపె. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. రెంటినీ ఒకే ఇరుసుకి బిగిస్తే టైర్లు రోడ్డు మీద ఈడ్చుకుపోతాయి. ఆ తేడాని సర్దేదే డిఫరెన్షియల్. అయితే దీనికో బలహీనత ఉంది. ఒక చక్రం బురదలో పడి పట్టు తప్పితే శక్తంతా అక్కడికే పోయి, అదొక్కటే గిర్రున తిరుగుతుంది. గట్టి నేల మీదున్న రెండో చక్రం చేతులు కట్టుకుని చూస్తూ ఉంటుంది. అప్పుడు దానికి తాళం వెయ్యాలి. తాళం పడితే రెండూ ఒకే వేగంతో తిరగక తప్పదు. ఆరు చక్రాలంటే మూడు ఇరుసులు, కాబట్టి మూడు తాళాలు. ముందుకీ వెనక్కీ మధ్య ఒకటి. వెనకున్న రెండు ఇరుసుల మధ్య ఇంకొకటి. వెరసి ఐదు. ఐదూ వేస్తే ఆరు చక్రాల్లో ఏ ఒక్కటి గట్టి నేల మీద ఉన్నా బండి కదులుతుంది. వానాకాలంలో ఎడ్లబండి దిగబడితే చక్రానికి భుజం పట్టి నెట్టేవాళ్లని చూసినవాళ్లకి దీని విలువ తెలుస్తుంది. ఇక్కడ మీట నొక్కితే చాలు.

మూడోది నాకు అన్నిటికన్నా నచ్చింది, గాలి. ఇసుకలో నడవాలంటే టైర్లలో గాలి తగ్గించాలి, అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుంటుంది, దిగబడదు. ఒంటె పాదం కూడా అంతేగా. మళ్లీ తారు రోడ్డెక్కాక గాలి నింపాలి. ఎడారుల్లో తిరిగేవాళ్లు చిన్న పంపు పెట్టుకుని టైరు టైరుకీ ఎండలో గొంతుక్కూర్చుంటారు. ఈ బండిలో గాలి నిలవ ఉంచిన ట్యాంకులు నాలుగుంటాయి. డ్రైవరు సీట్లోంచి లేవకుండానే అర బార్ నుంచి 1.8 బార్ దాకా ఇరవై సెకన్ల లోపే నింపుకోవచ్చు. అవి 37 అంగుళాల టైర్లు, గుర్తుంచుకోండి. ఎవరో ఎక్కడో దీని కోసం నెలల తరబడి బుర్ర బద్దలు కొట్టుకుని ఉంటారు. అలాంటి పని చూసినప్పుడు, వేరే ఎవరో రాసిన మంచి కోడ్ చదివినప్పుడు కలిగే సంతోషమే కలుగుతుంది నాకు.

ఇంత శ్రమ వంద మంది కోటీశ్వరుల కోసమా అంటే, కాదు. ఈ ఆరు చక్రాల చట్రం అసలు ఆస్ట్రేలియా సైన్యం కోసం పుట్టింది. ఆ దేశం పాత బళ్లని మార్చుకోవడానికి రెండువేలకు పైగా జీ-వాగన్లు తీసుకుంది, వాటిలో కొన్ని ఆరు చక్రాలవి. వాటిలో ఉండేది మూడు లీటర్ల డీజిల్ ఇంజన్, 184 గుర్రాలు. సామాన్లు మోసుకుంటూ దారీతెన్నూ లేని చోట్ల తిరగడానికి అంతే చాలు. ఏఎంజీ వాళ్లు ఆ చట్రం తీసుకుని అందులో ఐదున్నర లీటర్ల వి8 ఇంజన్ దూర్చారు, రెండు టర్బోలతో 544 గుర్రాలు, 760 న్యూటన్ మీటర్ల టార్క్. దాదాపు నాలుగు టన్నుల సామ్రాజ్యం ఆరు సెకన్ల లోపే వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. తర్వాత 160 దగ్గర కంప్యూటరు కళ్లెం పట్టుకుని ఆపుతుంది. ఆ టైర్లతో, ఆ ఎత్తుతో అంతకన్నా వేగంగా పోతే ఏమవుతుందో వాళ్లకి తెలుసు.

నిజానికి జీ-వాగన్ కథంతా ఇలాంటిదే. ఇరాన్ షా గారు సైన్యానికి పనికొచ్చే బండి కావాలని మెర్సిడెస్ వాళ్లతో అన్నారనీ, దాని పుట్టుకకి ఆ మాటే బీజమనీ చెబుతారు. డైమ్లర్-బెంజ్, ఆస్ట్రియాలోని స్టయర్-డైమ్లర్-పుక్ చేతులు కలిపి గ్రాజ్ అనే ఊళ్లో ఫ్యాక్టరీ పెట్టి, 1979 ఫిబ్రవరిలో ఉత్పత్తి మొదలెట్టేసరికి సదరు షా గారు దేశం వదిలి పారిపోయి రెండు వారాలు దాటింది. అడిగినాయన మాయమైపోయాడు, బండి మిగిలింది. మొదట్లో దాన్ని కొన్నది అటవీ శాఖలూ, సైన్యాలూ, పోలీసులూ. డీజిల్ రకంలో 72 గుర్రాల ఇంజన్. లోపల గళ్ల గుడ్డ సీట్లు, నీళ్లు కొట్టి కడుక్కునే నేల. 1980లో పోపు జర్మనీ వెళ్లినప్పుడు వెనకాల గాజు పెట్టె కట్టి ఆయన్ని అందులో ఊరేగించారు. 1983లో జాకీ ఇక్స్ దీన్నే నడిపి పారిస్-డకార్ పందెం గెలిచాడు. ఇవన్నీ చేసినప్పుడు కూడా అది పనిబండే. ఆ తర్వాత ఎక్కడో ఓ మలుపులో పనిబండి కాస్తా పెళ్లికొడుకు బండయింది. ఆకారం మారలేదు, అవే మూలలు తిరిగిన డబ్బా తలుపులు, అదే తలుపు వేసిన చప్పుడు. లోపల గుర్రాలూ, తోలూ, ధరా మారాయి.

ఇక్కడో పాత కథ చెప్పాలి. ఇదే కంపెనీ 1934 నుంచి 1939 దాకా ఓ ఆరు చక్రాల బండి చేసింది. పేరు జీ4. లెక్క ప్రకారం అదీ సైన్యం కోసం మొదలైనదే. తీరా చూస్తే మామూలు సైనికులకి ఇచ్చేటంత చవక కాదు. మొత్తం 57 తయారయ్యాయి, అవి ఎక్కువగా నాజీ పెద్దల ఊరేగింపులకి పోయాయి. హిట్లరు నిలబడి చెయ్యెత్తుతూ వెళ్లే పాత ఫిల్ముల్లో, ఆస్ట్రియాలోకీ, సుడెటెన్‌లాండ్‌లోకీ అడుగుపెట్టే ఫొటోల్లో కనిపించే పొడుగాటి టాపు లేని బండి చాలాసార్లు అదే. ఒకటి స్పెయిన్ నియంత ఫ్రాంకోకి కానుకగా వెళ్లింది, ఇప్పటికీ అక్కడి రాజకుటుంబపు వాహనాల్లో భద్రంగా ఉంది. గరిష్ఠ వేగం గంటకి 67 కిలోమీటర్లు. ఊరేగింపుకి అంతకన్నా ఎందుకు?

అప్పుడు ఆరు చక్రాలు బురద కోసం కాదు, ఎత్తు కోసం. చూసేవాళ్లు తలెత్తి చూడాలి. పల్లకీ కూడా అంతే కదా, నడవలేక ఎక్కేవాళ్లు తక్కువ, నడుస్తున్నవాళ్ల కన్నా పైన కనపడాలని ఎక్కేవాళ్లే ఎక్కువ. ఆనాటి జీ4నీ ఈనాటి 6×6నీ ఒకే గాటన కట్టడం అన్యాయమే, కొన్నవాళ్ల పాపాల్లో పోలిక లేదు. కోరికలో మాత్రం ఉంది.

ఆ కోరికకి అంతు కూడా లేనట్టుంది. 4,51,010 యూరోల బండి, ప్రపంచంలో వంద చిల్లర. అయినా అది 'మామూలుది' అనిపించేవాళ్లు ఉన్నారు. వాళ్ల కోసం బ్రాబస్ అనే జర్మనీ కంపెనీ ఈ బండినే తీసుకుని 700 గుర్రాలు చేసి, కుట్లు మార్చి, కార్బన్ తొడుగులు వేసి ఇచ్చింది. వందమంది దగ్గరే ఉన్న వస్తువు ఆ వందమందిలో ఒకడికి మరీ జనసామాన్యం అయిపోయిందన్నమాట :). 2017లో మెర్సిడెస్ వాళ్లే మేబాక్ జీ 650 లాండాలే అని ఇంకోటి దించారు. అది 99 మాత్రమే. నాలుగు చక్రాలే కానీ ఇరుసులు మళ్లీ ఆ పోర్టల్ ఇరుసులే, ఇంజను వి12, 630 గుర్రాలు. డ్రైవరుకి మామూలు పైకప్పు, యజమానికి మాత్రం వెనకాల మడిచేసుకునే గుడ్డ టాపు, ఇద్దరి మధ్యా గాజు అడ్డం. రైతు కోసం పుట్టిన ఇరుసు గుర్తుంది కదా, అది ఎక్కడికి చేరిందో చూడండి.

ఓ తమాషా చెప్తాను. యూరప్‌లో మామూలు కారు లైసెన్సు మొత్తం బరువు 3,500 కిలోల దాకానే చెల్లుతుంది. 6×6 ఖాళీగానే అంతకన్నా బరువు. అంటే దీన్ని స్వయంగా నడుపుకోవాలనుకున్న కోటీశ్వరుడు లారీ లైసెన్సు పరీక్షకి కూర్చోవాలి. చట్టానికి మొహమాటం లేదు, లారీని లారీ అనే అంది. అమెరికాలో అయితే కంపెనీ దీన్ని అమ్మనే లేదు. ఇక్కడి భద్రతా ప్రమాణాలకి సరిపడని విదేశీ బండి ఏ మార్పులూ లేకుండా రావాలంటే దానికి పాతికేళ్లు నిండాలి. ఆ లెక్కన మొదటి 6×6లు 2038లో దర్జాగా దిగొచ్చు.

ఇంతకీ వందమంది ఏ ఇసుక దిబ్బల్లో ఏం ఎక్కి తిరిగితే నాకెందుకు? నిజమే. ఆ వంద బళ్ల వల్ల ఎవరికీ పెద్ద నష్టం లేదు. నా గోల వాటి నీడ గురించి. సినిమాలో హీరో వేసుకున్న చొక్కా ఆర్నెల్లకి మన ఊరి టైలరు దగ్గరికి వస్తుంది. అలాగే ఈ ఆకారం, ఈ ఎత్తు, ఈ నిటారు మూతి కిందకి దిగి దిగి మా వీధి చివరికి వచ్చేశాయి. మా కాలనీలో చక్రాలు పెంచి, స్ప్రింగులు లేపి, ముందు ఇనప కడ్డీ బిగించిన బళ్లు నాకు తెలిసి ఏడున్నాయి. అందులో ఒక్కటి కూడా మట్టి చూడలేదు. వానొస్తే షెడ్డులో ఉంటాయి పాపం.

కిందటేడాది మా మిత్రుడొకడు జీ 63 కొన్నాడు. నాలుగు చక్రాలదే, కంగారు పడకండి. వాడికో చిన్న కన్సల్టింగ్ కంపెనీ ఉంది. ఒరేయ్ అంత డబ్బు పోసి ఎందుకురా అంటే వాడు చెప్పిన మొదటి కారణం వేగమూ కాదు, అందమూ కాదు. 'బరువురా' అన్నాడు. వ్యాపారానికి వాడే కార్ల ఖరీదుని ఏటా ఎంత తరుగు కింద చూపించొచ్చో అమెరికా పన్ను చట్టంలో ఓ పరిమితి ఉంది. కానీ మొత్తం బరువు 6,000 పౌండ్లు దాటితే ఆ పరిమితి వర్తించదు. రైతులూ, తాపీ మేస్త్రీలూ వాడే పెద్ద బళ్లకి ఇబ్బంది రాకూడదని పెట్టిన మినహాయింపు అది. 2003లో మొదటి ఏడాదే రాసేసుకునే మొత్తాన్ని లక్ష డాలర్లకి పెంచేసరికి డాక్టర్లూ, లాయర్లూ, రియల్ ఎస్టేట్ వాళ్లూ హమ్మర్ల మీద పడ్డారు. పత్రికలు దాన్ని 'హమ్మర్ కన్నం' అని వెక్కిరించాక 2004లో ఎస్‌యూవీలకి ఆ సెక్షను కింద 25 వేల డాలర్ల పరిమితి పెట్టారు. కానీ అదనపు తరుగు అనే రెండో తలుపు తెరిచే ఉంది. 2018 నుంచి 2022 దాకా దాని కింద నూటికి నూరు శాతం మొదటి ఏడాదే చూపించుకోవచ్చు. తర్వాత మెల్లగా తగ్గిస్తూ వచ్చారు, 2025లో చేసిన చట్టంతో మళ్లీ నూరు శాతం చేసేశారు. వ్యాపారానికి వాడిన మేరకే అనుకోండి. మా వాడి ఆఫీసు వాడి ఇంటి మేడ మీదే ఉంది. అందుకని బండి ఎంత వ్యాపారం చేస్తోందో నేను రెట్టించి అడగలేదు.

మధ్యతరగతి వాడు కొనే చిన్న కారుకి దొరకని సదుపాయం బరువు పెరిగితే దొరుకుతుంది. దీన్ని ఏ కోణంలో చూసినా నాకు మింగుడు పడలేదు.

సరే, బండొచ్చింది. గుళ్లో వాహన పూజ. వెళ్లాం. పార్కింగులో వరసగా మూడు బళ్లు, మావాడిదే ఆఖరు. పంతులుగారు బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వెయ్యబోయి, కండువా సర్దుకుని, కాస్త మునివేళ్ల మీద లేచి, 'ఇది అంబారీ బాబూ, కారు కాదు' అన్నారు. అందరూ నవ్వారు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మావాడు ఎక్కి కూర్చున్నాడు. పెద్దవాళ్లందరూ పక్కకి జరిగి ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. పిల్లలు నిమ్మకాయ ఎలా చితుకుతుందో చూడాలని ముందు వైపుకి చేరి వంగారు. నలుగురు. మా చిన్నది కూడా.

ఏం జరగలేదు. మావాడి భార్య చూసి 'ఆగండాగండి' అని అరిచింది, పిల్లల్ని లాక్కొచ్చారు, నిమ్మకాయలు చితికాయి, ప్రసాదం పంచారు. కానీ ఆ తర్వాత నేను వాడి సీట్లోకి ఎక్కి కూర్చుని చూశాను. బానెట్ అంచు అవతల నేల ఎక్కడో దూరంగా మొదలవుతోంది. మా చిన్నదాన్ని మళ్లీ అక్కడే నిలబెట్టమన్నాను. దాని రెండు జడల్లో ఒక రిబ్బను కనిపించింది. అంతే. కెమెరా ఉంది కదా అంటారా? ఉంది. కెమెరా చూడాలంటే పిల్లలున్నారేమో అన్న అనుమానం ముందు రావాలి. ఆ సాయంత్రం వాడింటి దగ్గర టేపు తెచ్చి కొలిచాను (అవును, నేను ఆ రకం మనిషినే). ముందు అంచు ఎత్తు నలభై అంగుళాలు దాటింది. మా చిన్నదాని నుదుటి దాకా.

నలభై అంగుళాలే ఎందుకంటే, అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే రహదారి భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ 2023లో ఓ అధ్యయనం బయటపెట్టింది. పాదచారుల్ని ఢీకొన్న దాదాపు 18 వేల ప్రమాదాల్ని పరిశీలించారు. బానెట్ ముందంచు నలభై అంగుళాల కన్నా ఎత్తున్న బళ్లు, ముప్ఫై అంగుళాల లోపు ఉండి వాలుగా ఉన్న బళ్ల కన్నా మనిషిని చంపే అవకాశం 45 శాతం ఎక్కువ. కారణం ఊహించుకోవచ్చు. పొట్టి కారు కాళ్లకి తగులుతుంది, మనిషి బానెట్ మీద పడతాడు. ఎత్తు బండి ఛాతీకి, తలకి తగులుతుంది, మనిషి కిందకి పోతాడు. అమెరికా రోడ్ల మీద 2009లో చనిపోయిన పాదచారులు 4,100 మంది పైన. 2022లో 7,500 దాటారు. అదంతా బానెట్ల పాపమే అనను, ఫోన్లున్నాయి, దీపాల్లేని రోడ్లున్నాయి, వేగముంది. బానెట్లు కూడా ఉన్నాయి.

ఈ లెక్కలన్నీ మావాడికి చెప్పాను. వాడి జవాబు కొట్టిపారేసేది కాదు. 'నా పిల్లల భద్రత నేను చూసుకుంటాన్రా. రేపు ఎవడో తాగి వచ్చి గుద్దితే మావాళ్లు దీంట్లో ఉండాలా, నీ డొక్కు సెడాన్‌లో ఉండాలా?' అన్నాడు. తండ్రిగా ఆ ప్రశ్నకి నా దగ్గర ఎదురు జవాబు లేదు. ఇంజనీరుగా మాత్రం ఓ కాగితం తీశాను. వాడి బండి రెండున్నర టన్నులు, నాది ఒకటిన్నర. ఇద్దరం 50 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దుకుని అతుక్కుపోయాం అనుకుందాం. ఇంటర్‌లో చదివిన ద్రవ్యవేగమే, ఇంకేం కాదు. గుద్దుకున్నాక రెండు బళ్లూ కలిసి వాడు వెళ్లే దిక్కుకి 12.5 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. అంటే వాడి వేగంలో మార్పు 37.5, నా వేగంలో మార్పు 62.5. వాడి బదులు ఆ 6×6 ఉంటే నాకు 72, వాడికి 28. మొత్తం ఎప్పుడూ వందే. వాడు తగ్గించుకున్న ప్రతి కిలోమీటరూ నా వైపు చేరుతుంది. 'నువ్వు కొనుక్కున్నది భద్రత కాదురా, నా వాటాలోంచి కోసుకున్న ముక్క' అన్నాను. 'అయితే నువ్వూ కొనుక్కో' అన్నాడు.

సమస్యంతా ఆ ఆఖరి మాటలోనే ఉంది. నేనూ కొంటే ఇద్దరం మళ్లీ చెరి యాభై. కాకపోతే ఇప్పుడు రోడ్డు మీద రెండు ఏనుగులు, మధ్యలో నడుచుకుంటూ వెళ్లే పిల్ల. ఆమెకి మాత్రం ఎవరూ ఏదీ కొనిపెట్టలేరు.

'నీకు కుళ్లు' అని కూడా అన్నాడు. లేదనను. ఆ తలుపు మూసినప్పుడు వచ్చే తుపాకి తాళంలాంటి చప్పుడు విన్నాక ఎవడికి ఉండదు? రెండుసార్లు ఊరికే వేసి తీశాను.

పారిస్ వాళ్లు దీనికో మందు వేశారు. 2024 ఫిబ్రవరిలో ఓటింగు పెట్టి, బరువైన బళ్లకి పార్కింగు రుసుం మూడింతలు చెయ్యాలా వద్దా అని జనాన్నే అడిగారు. ఓటేసినవాళ్లు నూటికి ఆరుగురు కూడా లేరు కానీ వేసినవాళ్లలో 54 శాతం పైన సరేనన్నారు. ఆ అక్టోబరు నుంచి బయటి ఊళ్లవాళ్ల పెట్రోలు, డీజిలు, హైబ్రిడ్ బళ్లు 1.6 టన్నులు దాటితే నగరం నడిబొడ్డున గంటకి 18 యూరోలు. బ్యాటరీ బళ్లకి హద్దు రెండు టన్నులు. ఫ్రాన్సులో కొత్త కారు బరువు మీద ఎలాగూ 2022 నుంచీ పన్నుంది. అంటే ఒక దేశం బరువుకి జుల్మానా వేస్తోంది, ఇంకో దేశం బరువుకి బహుమానం ఇస్తోంది. ఇసుకలో వెళ్లేవాడికి, పొలానికి వెళ్లేవాడికి, సైన్యానికి పెద్ద బండి కావాలి, వాళ్ల జోలికి ఎవరూ పోనక్కర్లేదు. ఆస్ట్రేలియా సైనికుడికి ఐదు తాళాలూ అవసరమే. కాఫీ తాగడానికి వెళ్లేవాడు దానికయ్యే అసలు ఖరీదు కడితే నాకేం అభ్యంతరం లేదు. ఇప్పుడు ఆ ఖరీదులో కొంత నేను కడుతున్నాను, నా పన్నుల్లోనూ, ఆ 62.5లోనూ.

బ్యాటరీలొస్తే అంతా సర్దుకుంటుందని మావాడి ఆశ. 2024లో ఎలక్ట్రిక్ జీ కూడా వచ్చింది, జీ 580. చక్రానికో మోటారు. బొంగరంలా ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. పొగ లేదు, చప్పుడు లేదు, ఇంజనీరుగా మళ్లీ ఓ దండం పెట్టాల్సిన పనితనం. బరువు మూడు టన్నుల పైన. మూతి ఎత్తు అదే.

మొన్న దీపావళికి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఈ చర్చ మళ్లీ రాలేదు, ఇద్దరం రానివ్వలేదు. వంటింట్లో వాళ్లావిడ మా ఆవిడతో చెబుతుంటే విన్నాను. 'గుళ్లో ఆ రోజు నుంచీ ఈయన బండి ఎక్కే ముందు ఓసారి ముందు వైపుకి చుట్టి వచ్చి కూర్చుంటున్నారు వదినా, ఎవరూ చూడట్లేదనుకుని.' మా ఊళ్లో లారీ డ్రైవర్లు పొద్దున్నే చేసే పని అది. కర్రతో నాలుగు టైర్లూ తట్టి చూసుకుంటూ, బండి చుట్టూ ఒక్క చుట్టు తిరిగి గానీ ఎక్కేవాళ్లు కారు.